అంతరిక్ష పరిశోధనకు విశ్వవిద్యాలయ నిధులు: సిత్తంపూండి రాయి నుండి గాదంకి రాడార్ వరకు

హొగేనక్కల్ వద్ద కావేరి రాతి చీలికలలో పడి పొగవలె పైకి లేస్తుంది. కన్నడంలో 'హొగె' అనగా పొగ, 'కల్' అనగా రాయి. ఊరి పేరు ఆ విధంగా వచ్చినదే. ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలోని ఈ సరిహద్దు గ్రామంలో తమిళం, కన్నడం, తెలుగు మూడూ వినిపిస్తాయి. పుట్టి ఎక్కి ఆవలి ఒడ్డు చేరితే అది కర్ణాటక రాష్ట్రం. ఇక్కడి రాళ్లు యాత్రికులకంటె ముందుగా భూవిజ్ఞానులకు సుపరిచితములు. సుమారు 240 కోట్ల సంవత్సరాల నాటి కార్బొనటైట్ అనే అరుదైన శిల ఈ పరిసరాలలో లభిస్తుంది.

రాళ్లను చదివే శాస్త్రానికి, చంద్రునిపై దిగిన నౌకకు సంబంధమేమి అన్న ప్రశ్న ఎవరికైనా కలుగవచ్చు. సంబంధం ఉన్నది. దానిని కలిపినది హొగేనక్కల్ విద్యార్థులు చదువుకొనే విశ్వవిద్యాలయమే. అంతరిక్ష విజ్ఞానానికి ప్రభుత్వం వెచ్చించే సొమ్ములో ఏ భాగం విశ్వవిద్యాలయాలకు చేరుతుంది, ఏ మార్గాలలో చేరుతుంది, గ్రామీణ కుటుంబాల పిల్లలకు అందులో చోటు ఎక్కడ అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చంద్రుని మట్టికి నామక్కల్ రాళ్లు

సేలం నగరంలోని పెరియార్ విశ్వవిద్యాలయం 1997లో ఏర్పడింది. సేలం, నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కళాశాలలు దాని పరిధిలోనివి. పెన్నాగరం, ధర్మపురి ప్రాంతాలలో డిగ్రీ చదివిన తెలుగు పిల్లల పట్టాలపై ఉండేది సాధారణంగా ఈ విశ్వవిద్యాలయం పేరే.

చంద్రయాన్-2 నౌకకు రూపకల్పన జరుగుతున్న కాలంలో ఇస్రోకు ఒక చిక్కు ఎదురైనది. ల్యాండర్ కాళ్లు చంద్రుని నేలలో ఎంత లోతుకు దిగుతాయి, రోవర్ చక్రాలు ఆ పొడి మట్టిలో కూరుకుపోతాయా లేక ముందుకు కదులుతాయా అన్నది భూమిపైనే పరీక్షించి చూడవలెను. భూమిపై దొరికే ఇసుక ఇందుకు పనికిరాదు. నీరు, గాలి ఒరపిడి వల్ల ఇక్కడి ఇసుక రేణువులు నునుపుదేరి ఉంటాయి. చంద్రునిపై నీరు పారదు, గాలి వీచదు. అక్కడి రేణువులు ఉల్కల తాకిడికి పగిలి పదునుగా ఉంటాయి. వాటిలోని ఖనిజములు కూడా వేరు. చంద్రుని ఎత్తయిన ప్రాంతాలలో అధికంగా ఉన్నది అనార్థొసైట్ అనే లేత రంగు శిల. కాల్షియం అధికంగా గల ఫెల్డ్‌స్పార్ ఖనిజంతో ఈ శిల ఏర్పడుతుంది.

ఈ అనార్థొసైట్ నామక్కల్ జిల్లాలోని సిత్తంపూండి, కున్నమలై గ్రామాల వద్ద విస్తారంగా ఉన్నది. భూవిజ్ఞానులకు ఈ సంగతి చాలా కాలంగా తెలుసు. పెరియార్ విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖవారు చంద్రశిలలతో దీనికిగల పోలికలపై అధ్యయనం చేసి ఉన్నారు. ఇస్రోకు అవసరం ఏర్పడినప్పుడు ఆ అధ్యయనం సిద్ధంగా ఉన్నది. పెరియార్ విశ్వవిద్యాలయం, తిరుచిరాపల్లిలోని జాతీయ సాంకేతిక సంస్థ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలకు చెందిన నిపుణులు ఇందులో పాలుపంచుకొన్నారు. రాళ్లను సేలంలో కావలసిన పరిమాణాలకు పొడిచేసి బెంగళూరుకు తరలించారు. సుమారు 50 టన్నుల మట్టి ఈ విధంగా సరఫరా అయినది. ఈ పనికి తొలుత 25 కోట్ల రూపాయల వ్యయం అంచనా వేయగా, పలువురు తమ సేవలకు సొమ్ము తీసుకొననందున అందులో చాలా భాగం మిగిలినదని అప్పటి పత్రికలలో వార్తలు వచ్చాయి.

బెంగళూరులోని ఇస్రో ప్రయోగశాలలో ఈ మట్టిని నేలవలె పరచి, దానిపై రోవర్‌ను నడిపి చూశారు. చంద్రుని ఆకర్షణ భూమి ఆకర్షణలో ఆరవ వంతు మాత్రమే. అందుచేత హీలియం బెలూన్ కట్టి రోవర్ బరువును ఆ మేరకు తగ్గించి పరీక్షలు జరిపారు. ఈ కృత్రిమ మట్టిని తయారుచేసే పద్ధతికి 2020లో భారతీయ పేటెంటు లభించింది. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ దిగే ప్రయత్నం విఫలమైనప్పటికీ, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువగా క్షేమంగా దిగింది. దాని నుండి వెలువడిన ప్రజ్ఞాన్ రోవర్ ఆ నేలపై నడిచింది.

ఈ ఉదంతంలో గమనింపదగిన అంశం ఒకటి ఉన్నది. ఇస్రో అడిగిన తరువాత విశ్వవిద్యాలయం రాళ్లను వెదకడం ప్రారంభించి ఉంటే కొన్ని సంవత్సరాలు గడిచిపోయేవి. ఎవరూ అడుగకమునుపే, ఏ నౌకకూ సంబంధం లేకుండానే, శిలలను శ్రద్ధగా చదివినవారు ఒక జిల్లా కేంద్రపు విశ్వవిద్యాలయంలో ఉన్నారు. అట్టివారిని నిలిపి ఉంచేదే విస్తృత పరిశోధన నిధి.

విస్తృత నిధి అనగానేమి

పరిశోధనకు సొమ్ము ఇచ్చే పద్ధతులు స్థూలంగా రెండు. మొదటిది పనికి కూలివంటిది. ఫలానా పరికరం, ఫలానా లెక్క కావలెనని అడిగి, అది అందిన తరువాత సంబంధం ముగించడం. రెండవది సేద్యంవంటిది. నేలను దున్ని, విత్తనం వేసి, చెరువు బాగుచేసి, ఏ యేడు ఏ పంట అవసరమైనా పండించగల స్థితిలో పొలాన్ని ఉంచడం. విశ్వవిద్యాలయాలకు ఇచ్చే విస్తృత నిధి ఈ రెండవ తెగకు చెందినది.

ఇట్టి నిధిలో నాలుగు భాగాలు ఉంటాయి. ఒకటి, అధ్యాపకులు ఎన్నుకొన్న ప్రశ్నలపై పరిశోధనకు గ్రాంటు. రెండు, పరిశోధక విద్యార్థులకు నెలసరి భృతి. మూడు, ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ సొంతంగా కొనలేని రాడార్, దూరదర్శినివంటి ఉమ్మడి పరికరాలు. నాలుగు, ఉపగ్రహాలు పంపిన సమాచారాన్ని అందరికీ ఉచితంగా అందించే ఏర్పాటు. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన మూడూ కుంటుపడతాయి. భారతదేశంలో ఈ నాలుగూ వేరువేరు కాలాలలో, వేరువేరు సంస్థల ద్వారా ఏర్పడినవి.

రెస్పాండ్ పథకం

ఇస్రో 1969 ఆగస్టు 15న ఏర్పడింది. 1972లో అంతరిక్ష శాఖ, అంతరిక్ష సంఘం ఏర్పాటైనవి. విశ్వవిద్యాలయాలలో పరిశోధనను ప్రోత్సహించుటకు ఇస్రో 1970ల దశకంలో ప్రారంభించిన పథకం పేరు రెస్పాండ్. దేశంలోని గుర్తింపు పొందిన విద్యాసంస్థలలో పనిచేసే అధ్యాపకులు ఈ పథకం క్రింద ప్రతిపాదనలు పంపవచ్చును.

పథకం నడిచే తీరు ఇది. అధ్యాపకుడు తన ప్రశ్న ఏమిటి, దానికి సమాధానం ఎట్లు రాబట్టదలచినాడు, ఎంత కాలం పడుతుంది, ఎంత సొమ్ము కావలెను అన్న వివరాలతో ప్రతిపాదన సిద్ధం చేస్తాడు. ఇస్రో కేంద్రాల శాస్త్రజ్ఞులు దానిని పరిశీలిస్తారు. ఆమోదం లభిస్తే గ్రాంటు విశ్వవిద్యాలయానికి విడతలవారీగా చేరుతుంది. పరిశోధక విద్యార్థి భృతి, పరికరాలు, వాడకపు సామగ్రి, ప్రయాణాలు ఇందులోకి వస్తాయి. మొదటి విడత ఖర్చుకు వినియోగ పత్రం, పని పురోగతి నివేదిక సమర్పించిన పిమ్మట తదుపరి విడత విడుదలవుతుంది. సాధారణంగా ప్రాజెక్టు కాలం రెండు మూడు సంవత్సరాలు ఉంటుంది.

తొలుత అధ్యాపకులు తమకు తోచిన అంశాలనే పంపేవారు. ఇస్రో అవసరాలేమిటో దూరపు కళాశాలలకు తెలిసేది కాదు. ఈ లోటు తీర్చుటకు ఇటీవలి సంవత్సరాలలో ఇస్రో తన కేంద్రాలకు కావలసిన పరిశోధనాంశాలను ఒక పుస్తకంగా కూర్చి ప్రకటిస్తున్నది. దానిని రెస్పాండ్ బాస్కెట్ అంటారు. వాతావరణం, గ్రహవిజ్ఞానం, పదార్థ విజ్ఞానం, దూరసంవేదనం మొదలైన అనేక శాఖల ప్రశ్నలు అందులో ఉంటాయి.

ఇదిగాక పెద్ద విద్యాసంస్థలలో అంతరిక్ష సాంకేతిక విభాగాలను ఇస్రో నెలకొల్పినది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ముంబయి, కాన్పూరు, ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీలు, పుణె విశ్వవిద్యాలయం వీటిలో ముఖ్యమైనవి. ఇక్కడ ఒక్కొక్క ప్రాజెక్టుకు కాక, అనేక ప్రాజెక్టులకు కలిపి నిధి అందుతుంది. తరువాతి కాలంలో ప్రాంతీయ విద్యా కేంద్రాలు, సాంకేతిక అంకుర కేంద్రాలు చేరినవి. తిరుచిరాపల్లి, సురత్కల్ జాతీయ సాంకేతిక సంస్థలు ఈ ఏర్పాటులోనివే.

గాదంకి: అందరి రాడార్

తిరుపతి సమీపంలోని గాదంకి గ్రామంలో కొండల నడుమ ఒక మైదానమున్నది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఆ చోట 1,024 యాంటెన్నాలు వరుసలుగా నిలిచి ఉంటాయి. ఇది ఎమ్‌ఎస్‌టీ రాడార్. వాతావరణంలోని మూడు పొరలైన మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాల తొలి అక్షరాలతో ఆ పేరు ఏర్పడింది. 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల రేడియో తరంగాలను ఇది ఆకాశంలోకి పంపుతుంది. పైనున్న గాలి సుడుల నుండి అతి స్వల్పంగా తిరిగివచ్చే ప్రతిధ్వనిని పట్టి, ఏ ఎత్తులో గాలి ఏ దిశకు, ఎంత వేగంతో వీస్తున్నదో లెక్కగడుతుంది.

ఇంత పెద్ద పరికరాన్ని ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ కొనజాలదు. అంతరిక్ష శాఖ ముందు నిలువగా, శాస్త్ర సాంకేతిక శాఖ, ఎలక్ట్రానిక్స్ శాఖ, పర్యావరణ శాఖ, రక్షణ పరిశోధన సంస్థ, శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి తమ వంతు సొమ్ము సమకూర్చాయి. ముంబయిలోని సమీర్ సంస్థ రాడార్‌ను రూపొందించింది. 1990ల తొలి సంవత్సరాలలో ఇది పూర్తిగా పనిలోకి వచ్చింది. జాతీయ ఎమ్‌ఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలైన ఈ సంస్థ 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా రూపొందింది. తరువాత రాడార్‌ను ఆధునీకరించి, ప్రతి యాంటెన్నాకూ దాని సొంత ప్రసార పరికరం అమర్చారు.

గాదంకిని విస్తృత నిధికి మంచి ఉదాహరణగా చెప్పుకొనుటకు కారణం దాని కొలతలు కాదు, దాని వాడకం. దేశంలోని ఏ విశ్వవిద్యాలయ పరిశోధకుడైనా ప్రతిపాదన పంపి రాడార్ సమయం కోరవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఎమ్‌ఎస్‌టీ రాడార్ వినియోగానికి ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. పరికరం అంతరిక్ష శాఖది, ప్రశ్న విశ్వవిద్యాలయానిది, భృతి గ్రాంట్ల సంఘానిది. ఈ మూడూ కలిసినందున రాయలసీమ గ్రామాలలో పుట్టిన పలువురు భౌతికశాస్త్ర విద్యార్థులు రుతుపవనాలపై పరిశోధన చేయగలిగారు. కావేరి పరీవాహక ప్రాంతంలో వర్షం ఎప్పుడు, ఎంత పడుతుందన్నది ఆ రుతుపవనాలపైనే ఆధారపడి ఉన్నదని హొగేనక్కల్ వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అనంతపురంలో మసి కొలత

పెద్ద పరికరం ఒకచోట ఉంచడం ఒక పద్ధతి కాగా, చిన్న పరికరాలను అనేక చోట్ల ఉంచడం మరొకటి. గాలిలోని సూక్ష్మ ధూళి, మసి కణాలు సూర్యకాంతిని ఎంత అడ్డుకొంటాయి, మేఘాలను, వర్షాలను ఏ విధంగా మారుస్తాయి అన్నది తెలిసికొనుటకు ఇస్రో తన భూగోళ జీవగోళ కార్యక్రమం క్రింద దేశమంతటా పరిశీలన కేంద్రాల వలను ఏర్పరచింది. తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల దీనిని సమన్వయపరుస్తుంది.

ఈ కేంద్రాలలో అధిక భాగం విశ్వవిద్యాలయాలలోనే ఉన్నవి. అనంతపురంలోని శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వీటిలో చేరినవి. గాలిని ఒక కాగితపు వడపోత పట్టీ గుండా పీల్చి, పట్టీ ఎంత నల్లబడినదో కాంతితో కొలిచి, మసి పరిమాణాన్ని తెలిపే యంత్రాలు ఇక్కడ పనిచేస్తాయి. పొయ్యి పొగ, వాహనాల పొగ, పంట మోళ్లు కాల్చినప్పుడు లేచే పొగ అన్నీ ఆ పట్టీపై నమోదవుతాయి. ఉపగ్రహం పైనుండి చూసి వేసిన లెక్క సరియైనదా కాదా అని నేలపై తేల్చి చెప్పేది ఈ కొలతలే. కరువు సీమలోని ఒక విశ్వవిద్యాలయం సంవత్సరాల తరబడి ఓపికతో వ్రాసి ఉంచిన అంకెలు లేకపోతే ఉపగ్రహం అంకెలకు సాక్ష్యం ఉండదు.

కావలూరు: ఒక విద్యార్థి వేతనం ఫలితం

ధర్మపురికి తూర్పున, తిరుపత్తూరు జిల్లాలోని జవ్వాది కొండలలో కావలూరు ఉన్నది. అక్కడి వేధశాలకు వేణు బాపు పేరు పెట్టారు. 1927లో మద్రాసులో జన్మించిన బాపు హైదరాబాదులో పెరిగారు. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నిజాం కళాశాలలో చదివిన బాపు హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1949లో అక్కడ ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. బాపు, బాక్, న్యూకిర్క్ ముగ్గురి పేర్లతో దానిని పిలుస్తారు.

స్వదేశానికి తిరిగివచ్చిన బాపు కొడైకెనాల్ వేధశాలకు నాయకత్వం వహించి, 1960ల చివర కావలూరును ఎంపికచేశారు. 1977లో యురేనస్ గ్రహం ఒక నక్షత్రం ముందుగా సాగినప్పుడు దాని వలయాల జాడను గమనించిన వేధశాలలలో కావలూరు ఒకటి. బాపు 1982లో మరణించారు. 2.34 మీటర్ల అద్దం గల దూరదర్శిని 1986లో ప్రారంభమైనది. నేటికీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదనలు పంపి ఇక్కడ పరిశీలన సమయం పొందుతుంటారు. ఒక విద్యార్థికి ఒక సంస్థానం ఇచ్చిన వేతనం మూడు దశాబ్దాలకు పైగా గడిచిన తరువాత ఈ ప్రాంతపు కొండలపై దూరదర్శినిగా నిలిచింది. పరిశోధన నిధులు ఫలమిచ్చే కాలాన్ని ఈ కొలతతోనే చూడవలెను.

అమెరికా అనుభవం

విశ్వవిద్యాలయాలకు విస్తృతంగా అంతరిక్ష నిధి ఇచ్చిన తొలి పెద్ద ప్రయత్నం అమెరికాలో జరిగింది. నాసా అధిపతి జేమ్స్ వెబ్ 1962లో ఒక ప్రత్యేక విశ్వవిద్యాలయ కార్యక్రమాన్ని ప్రారంభించారు. తొలి సంవత్సరం 10 విశ్వవిద్యాలయాలలో 100 మంది పరిశోధక విద్యార్థులకు భృతి లభించింది. కొద్ది సంవత్సరాలలోనే అది వందకు పైగా విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. ప్రయోగశాల భవనాలకు, ఒక శాఖకు పరిమితం కాని పరిశోధనకు కూడా సొమ్ము ఇచ్చారు. నిధి పొందిన విశ్వవిద్యాలయం తన ప్రాంతపు పరిశ్రమలకు, ప్రజలకు ఆ విజ్ఞానాన్ని చేర్చవలెనన్నది వెబ్ ఆశయం.

భృతి పొందిన విద్యార్థులు వేల సంఖ్యలో శాస్త్రజ్ఞులైనారు. ప్రాంతానికి సేవ చేయవలెనన్న భాగం మాత్రం ఆశించినంతగా సాగలేదు. చంద్రయాత్ర ఖర్చు, యుద్ధం ఖర్చు పెరిగి బడ్జెట్టు తగ్గగానే మొట్టమొదట కోతపడినది ఈ కార్యక్రమానికే. 1970 ప్రాంతానికి అది ముగిసిపోయింది. రాకెట్టు ఎగరడం అందరికీ కనబడుతుంది. విద్యార్థి చదవడం ఎవరికీ కనబడదు. కావున కొరత వచ్చిననాడు విద్యార్థి వాటాయే ముందుగా తగ్గుతుంది. ఈ గుణపాఠం అన్ని దేశాలకూ వర్తిస్తుంది.

జపాల్-రంగాపూర్ చెప్పే పాఠం

తెలుగునాట అట్టి పాఠమే ఒకటి ఉన్నది. 1901లో హైదరాబాదులో నెలకొన్న నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. 1959లో అక్కడ ఖగోళశాస్త్ర శాఖ ఏర్పడింది. 1964లో గ్రాంట్ల సంఘం దానిని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించి నిధులు ఇచ్చింది. 1968లో రంగారెడ్డి ప్రాంతంలోని జపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శిని నెలకొన్నది. ఆ కాలానికి ఒక భారతీయ విశ్వవిద్యాలయానికి ఇది అసాధారణమైన సంపద. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించుటకు పలువురు శాస్త్రజ్ఞులు అక్కడికి చేరారు.

కాలక్రమంలో ఆ వైభవం తగ్గినది. పరికరం కొనుటకు ఒకసారి సొమ్ము దొరుకుతుంది. అద్దానికి మెరుగు పెట్టుటకు, యంత్రపు విడిభాగాలకు, ఖాళీ అయిన అధ్యాపక పదవులను నింపుటకు ప్రతి సంవత్సరం సొమ్ము కావలెను. నగరం విస్తరించి రాత్రి ఆకాశం తెల్లబారకుండా చూడడం కూడా అవసరమే. ఎద్దును కొన్నవాడు మేతకు కూడా లెక్క వేసికొనవలెను గదా.

లోటుపాట్లు

2024-25 కేంద్ర బడ్జెట్టులో అంతరిక్ష శాఖకు సుమారు 13 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో అధిక భాగం నౌకలు, ఉపగ్రహాలు, కేంద్రాల నిర్వహణకు పోతుంది. విశ్వవిద్యాలయాలకు నేరుగా చేరేది చిన్న భాగం మాత్రమే. ఆ చిన్న భాగంలో కూడా ఐఐటీలవంటి పెద్ద సంస్థలకు ఉన్న సదుపాయం జిల్లాల కళాశాలలకు లేదు. ప్రతిపాదన వ్రాయుటకే అనుభవం కావలెను. ఆ అనుభవం గ్రాంటు పొందినవారికే ఉంటుంది. గ్రాంటు విడతలు ఆలస్యమైతే పరిశోధక విద్యార్థి భృతి ఆగుతుంది. ధనిక కుటుంబం దానిని ఓర్చుకొనగలదు. రాగులు, టమోటా పండించి జీవించే కుటుంబం ఓర్చుకొనలేదు.

ఈ అసమానతను సరిదిద్దుటకు 2023 నాటి చట్టం ద్వారా అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానం ఏర్పడింది. ఐదు సంవత్సరాలలో 50 వేల కోట్ల రూపాయల పరిశోధన నిధి సమకూర్చవలెనన్నది లక్ష్యం. అందులో పెద్ద భాగం ప్రభుత్వేతర మార్గాల నుండి రావలసి ఉన్నది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలను బలపరచడం దాని ప్రకటిత ఉద్దేశాలలో ఒకటి.

నీళ్లు లేని ఊరికి నింగి ఎందుకు

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో అనేక గ్రామాల భూగర్భజలంలో ఫ్లోరైడ్ అధికం. పళ్లు గారపట్టడం, ఎముకలు వంగడం ఇక్కడి కుటుంబాలకు తెలియని వ్యాధి కాదు. జపాన్ రుణ సహాయంతో నిర్మించిన హొగేనక్కల్ తాగునీటి పథకం 2013లో ప్రారంభమై కావేరి నీటిని ఈ రెండు జిల్లాలకు చేర్చింది. ఇట్టి అవసరాలు ఉండగా అంతరిక్షానికి సొమ్ము ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే.

1970లో జాంబియాలో సేవ చేస్తున్న ఒక క్రైస్తవ సన్యాసిని ఇదే ప్రశ్నను నాసా శాస్త్రజ్ఞుడు ఎర్న్స్ట్ స్టూలింగర్‌కు లేఖగా వ్రాసినది. భూమిపై ఆకలిని తీర్చుటకు కావలసిన పరిజ్ఞానంలో కొంత ఈ పరిశోధనల నుండే లభిస్తుందని ఆయన సవినయంగా బదులిచ్చారు. ఆ మాటను సరిహద్దు జిల్లాల పరిస్థితితో పోల్చి చూడవచ్చును. జాతీయ తాగునీటి కార్యక్రమం కోసం హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 1:50,000 ప్రమాణంలో భూగర్భజల పటాలు తయారుచేయించింది. నేలలోని చీలికలు, రాతి రకాలు గుర్తించి, బోరు ఎక్కడ వేస్తే నీరు పడే అవకాశమున్నదో ఆ పటాలు చూపుతాయి. గట్టి శిలల ప్రాంతంలో ఎండిన ఒక్కొక్క బోరు ఒక్కొక్క అప్పు గనుక ఈ పటం విలువ రైతుకు తెలుసు.

అయితే ఉపగ్రహం ఫ్లోరైడ్‌ను నేరుగా చూడజాలదు. ఏ శిల నుండి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతున్నదో తెలుపుటకు నేలపై నడిచే భూవిజ్ఞాని కావలెను. చంద్రుని మట్టికి తగిన రాయిని గుర్తించిన చదువు, బావి నీటిని చెడగొట్టే రాయిని గుర్తించే చదువు ఒకే శాఖకు చెందినవి. ఒకదానికి నిధి ఇస్తే రెండవదానికి కూడా మనిషి తయారవుతాడు.

విద్యార్థులకు గల దారులు

పాఠశాల దశలో: ఇస్రో 2019లో ప్రారంభించిన యువిక కార్యక్రమం తొమ్మిదవ తరగతి విద్యార్థుల కొరకు ఉద్దేశింపబడినది. ఎంపికలో గ్రామీణ పాఠశాలల పిల్లలకు అదనపు ప్రాధాన్యం ఉన్నది. ఎంపికైనవారి ప్రయాణం, వసతి ఖర్చులు ఇస్రో భరిస్తుంది. ఇట్టి అవకాశం ఇప్పిస్తామని సొమ్ము అడిగే మధ్యవర్తులను నమ్మరాదు.

డిగ్రీ దశలో: భౌతికశాస్త్రం, గణితం, భూవిజ్ఞానం, రసాయనశాస్త్రం ఏది చదివినా దారి ఉన్నది. ఇంజనీరింగు ఒక్కటే మార్గమన్న అభిప్రాయం సరికాదు. 2007లో తిరువనంతపురంలో ఏర్పడిన అంతరిక్ష విజ్ఞాన సాంకేతిక సంస్థలో బి.టెక్ ప్రవేశాలు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఆధారంగా జరుగుతాయి. కళాశాలలు ఉపగ్రహాలను నిర్మించిన ఉదాహరణలు కూడా కలవు. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం నిర్మించిన 40 కిలోల అనుశాట్ 2009 ఏప్రిల్ 20న కక్ష్య చేరింది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు కలిసి చేసిన, కిలో కంటె తక్కువ బరువు గల స్టడ్‌శాట్ 2010 జులై 12న ఎగిరింది.

పరిశోధన దశలో: నెట్, గేట్, జెస్ట్ పరీక్షలు ముఖ్యమైనవి. జూనియర్ పరిశోధక భృతి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ దశలో 42,000 రూపాయలు. ఈ కేంద్ర భృతులకు రాష్ట్ర నివాస నిబంధన లేదు. సరిహద్దుకు ఏ వైపు కుటుంబమైనా సమానంగా అర్హమే.

ఇంటి నుండియే చేయదగినది: చంద్రయాన్, 2015లో ఎగిరిన ఆస్ట్రోశాట్ పంపిన సమాచారాన్ని బెంగళూరు సమీపంలోని బ్యాలాలు వద్దనున్న అంతరిక్ష సమాచార కేంద్రం ద్వారా ఉచితంగా పొందవచ్చును. కంప్యూటరు, ఇంటర్నెట్టు, మార్గం చూపే ఒక అధ్యాపకుడు ఉంటే పెన్నాగరంలో కూర్చొని కూడా ఆ సమాచారంపై పనిచేయవచ్చును. ఈ మూడింటిలో దొరకడం కష్టమైనది అధ్యాపకుడే. విస్తృత పరిశోధన నిధి మొట్టమొదట పోషించవలసినది కూడా ఆయననే.

ముఖ్య సంవత్సరాలు

1919: నిజామియా వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సంక్రమించింది.
1962: నాసా విశ్వవిద్యాలయ కార్యక్రమం ప్రారంభమైనది.
1964: ఉస్మానియా ఖగోళ శాఖకు ఉన్నత అధ్యయన కేంద్రం గుర్తింపు లభించింది.
1969: ఇస్రో ఏర్పడింది. తరువాతి దశకంలో రెస్పాండ్ పథకం మొదలైనది.
1986: కావలూరులో 2.34 మీటర్ల దూరదర్శిని ప్రారంభమైనది.
1997: పెరియార్ విశ్వవిద్యాలయం ఏర్పడింది.
2005: గాదంకి కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది.
2009: అనుశాట్ ప్రయోగం జరిగింది.
2020: కృత్రిమ చంద్ర మృత్తికకు పేటెంటు లభించింది.
2023: చంద్రయాన్-3 చంద్రునిపై దిగింది. అనుసంధాన్ ప్రతిష్ఠానం చట్టం వచ్చింది.